పొయ్యి ఆర్పిన ఆదివారం

పోయిన వారం నంద్యాలలో కండ్ల డాక్టరు దగ్గరికి పోయి వచ్చినాం. నా కండ్లలో చుక్కల మందు వేసి గంటసేపు మూసుకోమన్నారు. తెరిచేటప్పటికి లోకమంతా పాలు కలిపినట్టు మసకగా ఉంది. మా ఆయన నా చెయ్యి పట్టుకొని రోడ్డు మీదికి తెచ్చి, ఆటో దొరికేదాకా ఒక మెకానిక్ షాపు నీడన నిలబెట్టినాడు. ఎదురుగా ఎవరో గొంతుక్కూర్చొని ఏందో రుద్దుతాన్నారని తెలుస్తాంది గానీ, ఆ మనిషి ముసలోడో పడుచోడో తెలియడం లేదు. మసక కండ్లకే గానీ ముక్కుకు కాదు కదా. గాలి ఇటు తిరిగేసరికి పెట్రోలు వాసన గుప్పుమంది. కొత్త పెట్రోలు కాదు, చాన్నాళ్లు నిలవుండి పులిసిన పెట్రోలు. నాకు తెలియకుండానే నా నోట్లో నుంచి "పొయ్యి ఆర్పినామా?" అనే మాట వచ్చింది.

మా ఆయన నవ్వినాడు. "మనింట్లో ఉండేది గ్యాసు. అది గూడా మూడుసార్లు తిప్పి చూసే వచ్చినావు గదా" అన్నాడు. ఆ రుద్దే మనిషి నేను తన్నే అడిగినాననుకున్నాడో ఏమో, "ఇది కార్బరేటర్ మా. పాత బండిది. ఇప్పుడొచ్చే బండ్లకు ఇది ఉండనే ఉండదు" అని చెప్పినాడు. ఉండకుంటే అంతకన్నా మేలు లేదు నాయనా అనుకున్నాను మనసులో. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు బండ్ల సంగతి తెలియదు గానీ, కార్బరేటర్ విప్పితే ఎన్ని ముక్కలొస్తాయో మాత్రం తెలుసు. నేను చూసినదానికి పద్దెనిమిది వచ్చినాయి.

అప్పుడు మేము ఆళ్లగడ్డలో ఉంటిమి. పంతొమ్మిది వందల ఎనభై దాటి రెండేండ్లో మూడేండ్లో. నాపరాళ్లు పరిచిన మట్టి మిద్దె, వెనక పశువుల కొట్టం. కొట్టంలో పశువులు లేవు. ఒక మూలకు గోనెసంచులు కప్పిన మోటారు సైకిలు ఒకటి, దాని మీద ఎక్కి పండుకునే కోళ్లు నాలుగు, అంతే. ఆ బండి మా బావది, అంటే మా ఆయనకు అన్నది. ఊర్లు తిరిగి పత్తి విత్తనాలు అమ్మే మనిషి. పెద్ద నవ్వు, పెద్ద అడుగు. వీధి చివర బండి శబ్దం వినపడిందంటే మా అత్త అన్నం వడ్డించేది. అది చల్లారక ముందే ఆయన వచ్చి కూర్చునేవాడు. ఒక దినం సిరివెళ్ల దాటినాక మోరీ వంతెన కాడ, రోడ్డుకు అడ్డంగా తిరిగేటప్పుడు ఆ బండి నడిమధ్యలో టప్పున ఆగిపోయిందంట. కాలితో తంతానే ఉన్నాడంట. అది అందుకోలేదు. అంతలో లారీ వచ్చింది. చూసినోళ్లు వచ్చి చెప్పింది ఇంతే, ఇంతకన్నా చెప్పమని మేమూ అడగలేదు. మనిషి పోయినాడు. బండికి మాత్రం ఒక పక్క కాలు పెట్టే కమ్మీ వంగింది, అంతకు మించి ఏమీ కాలేదు. మా తోడికోడలు బిడ్డనెత్తుకొని చాగలమర్రిలో పుట్టింటికి పోయింది. బండి కొట్టంలోకి పోయింది.

కొనేదానికి ఇద్దరు ముగ్గురు వచ్చినారు. మా అత్త అమ్మనియ్యలేదు. "ఇంగో తల్లి కొడుకును గూడా మింగల్నా అది? ఈడనే తుప్పు పట్టనీ" అని తిప్పి పంపింది. రెండేండ్లు అట్లనే తుప్పు పట్టింది.

మా ఆయనకు నంద్యాలలో ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు పని. గాయాలు కడిగి కట్టు కట్టేది, సూదులు వేసేది. మా అత్త ఆళ్లగడ్డ విడిచి రానంటుంది, ఈయన తల్లిని విడిచి ఉండలేడు. అందుకని పొద్దున్నే బస్సు ఎక్కి పోయి సాయంత్రం వచ్చేవాడు. ఆ బస్సు ఒకనాడు ఏడుకు వస్తే ఇంకొకనాడు ఎనిమిదికి వచ్చేది, ఒక్కోనాడు దాని జాడే ఉండేది కాదు. డాక్టరుగారు ఓపిక పట్టి పట్టి, ఒక శనివారం "సోమవారం ఎనిమిదికల్లా ఉంటే ఉండు, లేకుంటే ఇంక రావద్దు" అనేసినారంట. ఈయన ఇంటికి వచ్చి చొక్కా గూడా విప్పకుండా కొట్టంలోకి పోయి గోనెసంచులు లాగినాడు. కోళ్లు అరుచుకుంటా బయటకొచ్చినాయి. వాటి వెనకాలే మా అత్త అరుపు.

"ఏం చేస్తాండావ్‌రా?"

"బండి తీస్తాండా."

"ఒగ కొడుకును దానికిచ్చినా. సాల్దా?"

ఆయన సంచి చేతిలో పట్టుకొని అట్లనే నిలబడినాడు. తల్లికి ఎదురు మాట్లాడే మనిషి కాదు. నిదానంగా, పసిబిడ్డకు చెప్పినట్టు చెప్పినాడు. "అన్నను సంపింది బండి గాదు మా. కార్బరేటర్లో చెత్త. పెట్రోలు పొయ్యే సందు మూసుకపోయి ఆగిపోయింది. ఎవరన్నా అది కడిగుంటే అన్న ఈపొద్దు ఈడ కూర్చోనుండు. నేను కడుగుతా. ఒగరి చేతికిచ్చేది ల్యా, నా చేత్తో కడుగుతా."

"ఎప్పుడన్నా కడిగినావా?"

"కడగలే. సూసినా."

ఆసుపత్రి పక్కనే ఉన్న షాపులో మెకానిక్కు కడుగుతాంటే, మధ్యాహ్నం సద్దిమూట విప్పుకొని ఆడ కూర్చొని చూసేవాడంట. చూస్తే వస్తుందా అని నేను లోపల అనుకున్నాను గానీ, నేనూ వంట అట్లనే నేర్చుకున్నదాన్ని, ఏమనగలను?

మరుసటి దినం ఆదివారం. మేము చర్చికి పోయేవాళ్లం. ఆదివారం పూట పని ముట్టేది మా అత్తకు గిట్టదు. ఆ దినం ఆమె ప్రార్థనలో మోకాళ్ల మీద నుంచి లేవనే లేదు. పాస్టరు అయ్యగారే వచ్చి లేపినారు. ఇంటికి వస్తూనే ఈయన పంట్లాం మడిచి, పాత పంచె కట్టుకొని, "పొయ్యి ఆర్పు" అన్నాడు నాతో.

"బూడిద కప్పుతా."

"కప్పితే సాలదు. నీళ్లు పొయ్యి. పెట్రోలు ఆవిరి కంటికి కనపడకుండా నేల మింద పాకతాదంట. బూడిద కింద రవ్వంత నిప్పున్నా మనిల్లుండదు."

మా పక్క పొయ్యిలో నీళ్లు పోయరు. రాత్రికి కట్టెలు వెనక్కి లాగి బూడిద కప్పుతాం, తెల్లారి ఊదితే నిప్పు లేస్తుంది. పొయ్యి పూర్తిగా చల్లబడేది ఒక్క సందర్భంలోనే, ఇంట్లో శవం ఉన్నప్పుడు. మిద్దె మీద గవాక్షంలో నుంచి పొద్దున పూట పొగ రాకుంటే వీధిలోవాళ్లకు అర్థమైపోతుంది. మా బావ పోయినప్పుడు ఆ పొయ్యి మూడు దినాలు చల్లగా ఉండె. నేను చెంబుతో నీళ్లు పోస్తే అది పాములాగా బుస్సుమంది. మా అత్త గోడకు ఆనుకొని కూర్చొని, వక్కాకు సంచి ఒళ్లో పెట్టుకొని, వక్క గూడా కొరకకుండా నన్నే చూసింది.

వరండాలో గోనెపట్ట పరిచినాం. ఈయన బండి కడుపులో నుంచి కార్బరేటర్ ఊడదీసి తెచ్చినాడు. పిడికిలంత ఉంది. ఇంత చిన్నది మనిషిని తీసుకపోయిందా అనిపించింది. కింద గిన్నెలాంటి మూత తీసేసరికి లోపల పెట్రోలు లేదు. అడుగంటిన బెల్లం పాకం మాదిరి బంక ఉంది. వాసన మాత్రం పాకం వాసన కాదు. ఆ పులిసిన వాసనే పోయిన వారం నన్ను పట్టుకున్నది. సత్తు గిన్నెలో కొత్త పెట్రోలు పోసి ఒక్కొక్క ముక్కా అందులో వేసి, బ్రష్షుతో రుద్ది, నా చేతికిస్తాడు. నేను బియ్యం చెరిగే చేటలో, ఆయన తీసిన వరసలోనే పేరుస్తాను. పేర్లు నాకు తెలియవు. నా లెక్కలో ఒకటి దిద్దు మర, ఒకటి పిల్లల పాలపీక, ఒకటి మిరియం, ఒకటి గుండుసూది. చిన్న స్ప్రింగు ఒకటి ఉంది, ముక్కుపుల్లకు తొడిగేంత. కోళ్లు చేట చుట్టూ తిరుగుతాంటే కాలితో తోలుతా కూర్చున్నాను. మొత్తం పద్దెనిమిది. మనసులో రెండుసార్లు ఎంచుకున్నాను.

ఇత్తడి ముక్కలు నల్లగా ఉన్నాయని నేను లోపలికి పోయి చింతపండు, బూడిద తెచ్చినాను. బిందె తోమినట్టు తోమితే తళతళలాడతాయని. ఈయన నా చేతిలో బూడిద చూసి ఎగిరి వెనక్కి పడినాడు. "ఏమే, నన్ను సంపల్లనుకున్నావా? ఆ సందులోకి ఒగ్గ బూడిద రేణువు పోయిందంటే అయిపాయ!" ఆ మాట తమాషాకే అన్నాడు. కానీ మా అత్త గోడకాడ నుంచి "సూడు, ఎట్లాంటి మాటలొస్తాండయో నోట్లోకి" అనింది. ఆ సందు ఎంతుంటుందో చూడమని ఆయన ఒక ఇత్తడి ముక్క ఎండకు పట్టి చూపించినాడు. సూది గూడా పోని సందు. ఇనుము దూరిస్తే సందు పెద్దదవుతుందంట. "నీ జడలో ఒగ ఎంటిక పెరికియ్యి" అన్నాడు. పెరికిచ్చినాను. రెండు మడతలు వేసి, నోటితో తడిచేసి, ఆ సందులో దూర్చి అటూ ఇటూ లాగినాడు. నల్లటి పొడి రాలింది. గోటి మీద పెట్టుకుంటే ఆవగింజలో సగం లేదు. ఆయన దాన్ని చాలాసేపు చూసినాడు. "ఇదే" అన్నాడు.

సరిగ్గా అప్పుడు వీధి వాకిట్లో నుంచి ఏడుపు వినపడింది. పక్కింటి సాయిబుల పెద్దమ్మ. నెత్తిన జొన్నరొట్టెల గంప, చేతిలో పప్పు గిన్నె, కండ్లలో నీళ్లు. "అయ్యో అల్లా, ఏమాయనమ్మా, ఎవరికేమాయ? పొద్దెక్కినా మీ మిద్దె మింద పొగ ల్యా! వాకిలి మూసిండారు! నాకు గుండెకాయ ఆగిపాయ!"

ఆ గంప, ఆ గిన్నె మా అత్త అంతకు ముందు ఒక్కసారే చూసింది. మా బావ శవం వచ్చిన దినం. చావింట్లో పొయ్యి వెలగదు గనుక ఇరుగుపొరుగు వండి తెచ్చే కూడు అది. మా అత్త లేచి నిలబడింది, మళ్లీ కూర్చొనింది. నేను వాకిట్లోకి పరుగెత్తినాను. "ఎవరికీ ఏం కాలేదు పెద్దమ్మా, బండి కడుగుతాండాం, పెట్రోలని ఆర్పినాం" అంటే ఆమె నమ్మలేదు. లోపలికి తొంగి చూసి మా ఆయన తల, మా అత్త తల ఎంచుకొని అప్పుడు కండ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక కోపం వచ్చింది. "పొయ్యార్పేటప్పుడు గోడ మిందనుంచి ఒగ మాట సెప్పేదానికేం రోగం? నేను నాలుగు సేర్ల పిండి పిసికినా!" అని తిట్టి, గంప అక్కడే దించి పోయింది. ఈయన ఆమెను వీధిదాకా సాగనంపేదానికి పోయినాడు.

నేను తిరిగి వచ్చి చేట ముందర కూర్చున్నాను. ఎంచితే పదిహేడు.

మళ్లీ ఎంచినాను. పదిహేడే. నేను లేచినప్పుడు చేట కాడికి ఎవరొచ్చింటారు? ఎర్రకోడి రెండడుగుల దూరంలో మెడ సాగదీసి, ఏమీ ఎరగనట్టు నన్ను చూస్తాంది. చేట నాకు అప్పగించినాడు, నేను విడిచిపోయినాను. చెప్పల్ల. చెబితే పని ఆగిపోతుంది, సోమవారం పోతుంది, ఉద్యోగం పోతుంది. చెప్పకుంటే? ఏమో, నేనే తప్పు ఎంచింటానేమో, మొదట పదిహేడే ఉండెనేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషికి భయమైతే లెక్కలెట్లా మారిపోతాయో ఆ దినమే తెలిసింది. నేను నోరు మూసుకున్నాను.

ఈయన వచ్చి ముక్కలు బిగించడం మొదలుపెట్టినాడు. నేను పేర్చిన వరసను చివర నుంచి మొదటికి తీసుకుంటా పోతే చాలు. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగిపోయింది. చేట చూసినాడు. గోనెపట్ట దులిపినాడు. గిన్నెలో వేలు పెట్టి దేవినాడు. "ఏం పోయింది?" అని అడిగినాను, పాపిష్టిదాన్ని, ఏమీ తెలియనట్టు. "ఏం ల్యా" అన్నాడు. లేచి లోపలికి పోయి చొక్కా తగిలించిన చిలక్కొయ్య కాడ ఏదో చేసి వచ్చినాడు. చేతులు తుడుచుకుంటా మళ్లీ కూర్చున్నాడు. చీకటి పడేలోపల కార్బరేటర్ బండికి ఎక్కింది. "స్టార్టు చేసేది రేపొద్దున చూస్తాం" అన్నాడు. ఇంట్లో ఇంకా పెట్రోలు వాసన పోలేదని రాత్రికీ పొయ్యి అంటించలేదు. పెద్దమ్మ రొట్టెలే తిన్నాం. చావు రొట్టెలని నాకు గొంతు దిగలేదు. మా అత్త మాత్రం విచిత్రంగా రెండు రొట్టెలు తిని, తొందరగా పండుకొని, గురకపెట్టింది.

తెల్లారి ఈయన బండిని వీధిలోకి తోసినాడు. నేను వాకిట్లో నిలబడి, అది స్టార్టు కాకుండా చూడు దేవుడా అని మొక్కుకున్నాను. మొగుడి ఉద్యోగం పోవాలని మొక్కుకున్న పెండ్లాన్ని నేనే అయ్యుంటాను. మా అత్త అరుగు మీద కూర్చొని, వక్క కత్తిరించుకుంటా, చాలా నిమ్మళంగా ఉంది. మొదటి తన్నుకు బండి తుమ్మింది. రెండో తన్నుకు తెల్లటి పొగ కక్కి, డుగుడుగుమని అందుకుంది. అదే శబ్దం. రెండేండ్లుగా ఆ వీధిలో వినపడని శబ్దం. మా అత్త నోట్లో వక్క నోట్లోనే ఉండిపోయింది. ఈయన చెయ్యి ఊపి కదిలినాడు. నా గొంతుదాకా వచ్చింది, ఆగు అని. కానీ పోయే మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే ఆ పిలుపే కీడు. నేను పిలవలేదు. మా అత్త గూడా పిలవలేదు. ఇద్దరం నోళ్లు తెరిచి నిలబడినాం, బండి వీధి మలుపు తిరిగిపోయింది.

నేను చేసిన మొదటి పని, కొట్టంలోకి పోయి ఎర్రకోడిని పట్టుకోవడం. దొడ్లో కత్తిపీట వేసుకొని కోసినాను. కందనకాయ చీల్చి, అరచేతిలో వేసుకొని, నీళ్లు పోసి కడిగినాను. జొన్నలు, గులకరాళ్లు, ఒక పగిలిన గాజు ముక్క. బండి ముక్క ఏదీ లేదు. పేగులు గూడా వేలితో తడిమి చూసినాను. ఏడుపు వచ్చింది. కోడి మింగలేదంటే మరి యాడికి పోయింది?

"సోమవారం పొద్దున్నే కోడి కోసినావేందే?" మా అత్త వెనక నిలబడింది. "దాని కడుపులో ఏమెతుకుతాండావ్?"

ఇంక దాచలేకపోయినాను. "బండి ముక్క ఒకటి పోయింది అత్తా. పద్దెనిమిది ఉండె, పదిహేడు అయింది. నేను చెప్పలేదు. ఆయన అది లేకుండానే పోయినాడు" అని నెత్తుటి చేతులతోనే నుదురు కొట్టుకున్నాను.

మా అత్త నా పక్కన గొంతుక్కూర్చొనింది. తర్వాత నడుముకు దోపిన వక్కాకు సంచి తీసి, దారం విప్పి, రెండు వేళ్లు లోపలికి పెట్టి, సున్నపు కాయ పక్క నుంచి దాన్ని తీసింది. చిన్న స్ప్రింగు. దాని చుట్లలో ఆకు తునక ఇరుక్కొని ఉంది.

"ఇది ల్యాకుంటే బండి కదల్దనుకుంటి" అనింది. ఆమె గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు నేను. "గంప చూసినాక నాకు సెయ్యి నిలబడలేదే. కదల్దు గదా అని నిద్రపోతి. అది కదిలె. నా సేత్తో నేనే..."

చెయ్యి కడుక్కున్నానో లేదో గుర్తులేదు. కోడిని రెక్కలు పట్టి గోడ మీద నుంచి సాయిబుల పెద్దమ్మకు ఇచ్చి, "వండుతావో పారేస్తావో నీ ఇష్టం" అని చెప్పి, ఇద్దరం బస్టాండుకు పరుగెత్తినాం. మా అత్త చెప్పులు గూడా వేసుకోలేదు. నంద్యాల బస్సు నిండా జనం. నన్ను కిటికీ పక్క కూర్చోబెట్టి తాను పక్కన కూర్చొనింది. స్ప్రింగు పిడికిట్లో పెట్టుకొని, ఆ పిడికిలి కొంగులో చుట్టుకొనింది. దారి పొడుగునా రోడ్డు మీద నలుగురు గుంపుగా కనపడితే నేను కిటికీకి ముఖం ఆనించేదాన్ని. ఒకచోట ఎద్దులబండి ఇరుసు విరిగి జనం మూగినారు. ఒకచోట ఊరికే నిలబడి బీడీలు తాగుతాన్నారు. మోరీ దగ్గర పడేసరికి మా అత్త కొంగుతో ముఖం కప్పుకొనింది. రెండేండ్లలో ఆమె ఆ దారిన రాలేదు. కొంగు లోపల నుంచే "సూడు" అనింది. "ఏమన్నా ఉందా?"

చూసినాను. "మేకలు అత్తా. మేకలే."

ఆసుపత్రికి చేరేసరికి బయట బండి నిలబడి ఉంది. దాన్ని చూడగానే మా అత్త దాని సీటు మీద అరచెయ్యి పెట్టి ఆనుకొని నిలబడింది, మనిషిని పట్టుకున్నట్టు. లోపల ఈయన ఎవరిదో మోకాలికి కట్టు కడతాన్నాడు. మమ్మల్ని చూసి చేతిలో పట్టీ అట్లనే పట్టుకొని బయటకొచ్చినాడు. "ఎవరికేమాయ?" అన్నాడు. నిన్న పెద్దమ్మ అడిగిన ప్రశ్నే అది.

మా అత్త పిడికిలి విప్పి చూపించింది.

ఆయన స్ప్రింగును చూసినాడు, తల్లిని చూసినాడు. జేబులో నుంచి పెన్ను తీసి మీట నొక్కినాడు. టిక్కుమనే పెన్ను అది, డాక్టరుగారు ఇచ్చింది. ఇప్పుడు టిక్కుమనలేదు. మీట లోపలికి పోయింది, అక్కడే ఉండిపోయింది. "నా పెన్ను స్ప్రింగు ఏసినా" అన్నాడు. "సరిపాయ."

"నీకు తెలుసా? నేను తీసినానని తెలుసా?"

"ముక్క పోయిందంటే నీ కోడలు ఏడుస్తాది, కోడి మింగిందంటాది. నువ్వేమో వక్క నమలకుండా సంచి మింద సెయ్యి పెట్టుకొని కూర్చోనుండావు. తెలీకేం?"

"తెలిసి అడగలేదేంరా?"

"అడిగితే అబద్ధం సెప్పేదానివి. ఆదివారం పూట నీతో అబద్ధం సెప్పించేదెందుకులే అని..." అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కోడిని కొయ్యలేదు గదా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. ఆయన నవ్విన నవ్వుకు లోపల కట్టు కట్టించుకునే మనిషి గూడా నవ్వినాడు. మా అత్త మాత్రం నవ్వలేదు. స్ప్రింగు ఆయన చేతిలో పెట్టబోయింది. ఆయన తీసుకోలేదు. "నీ కాడనే పెట్టుకో మా. అది నీ సంచిలో ఉన్నన్నాళ్లు నేను జాగర్తగా తోల్తా" అన్నాడు.

సాయంత్రందాకా ఆసుపత్రి చెట్టు కింద కూర్చున్నాం. ఐదుకు ఆయన బయటకు వచ్చి మమ్మల్ని బస్టాండులో దిగబెడతానంటే, మా అత్త నాతో "నువ్వు బస్సుకు రా" అనింది. బండి దగ్గరికి పోయి, చీర సర్దుకొని, "నన్ను ఎక్కించు" అనింది కొడుకుతో. "పోతే ఇద్దరం పోతాం. ఉంటే ఇద్దరం ఉంటాం. ఇంట్లో కూర్చోని శబ్దం కోసం చెవులు పెట్టుకునేది ఇంగ నాతో కాదు" అనింది. ఒక పక్కకు కాళ్లు వేసి, ఆయన నడుము గట్టిగా పట్టుకొని కూర్చొనింది. వాళ్లు పోయినారు. నేను బస్సులో ఒక్కదాన్నే.

పొద్దున ఒక్క మనిషి కోసం భయపడినాను, ఇప్పుడు ఇద్దరి కోసం. పెన్ను స్ప్రింగు ఏపాటిది? కాగితం మీద రాసేదానికి చేసినది, ముగ్గురి బతుకులు మోస్తుందా? బస్సు సిరివెళ్ల దగ్గర పడింది. ఎండ వాలింది. మోరీ కాడ రోడ్డు పక్కన బండి కనపడింది. స్టాండు వేసి నిలబడిన బండి. మనుషులు లేరు. "ఆపన్నా! ఆపు!" అని అరిచినాను. "యాడమ్మా ఆపేది, స్టాపు కాదు" అన్నాడు కండక్టరు. నేను లేచి కిటికీలో నుంచి మెడ బయటపెట్టి వెనక్కి చూసినాను. అప్పుడు కనపడినారు. మోరీ కింద గట్టు మీద మా అత్త తెల్ల చీర. కాళ్లు చాపుకొని, కొడుకు పోయిన చోటును చూస్తా కూర్చోనుంది. పక్కన ఈయన చేతులు కట్టుకొని నిలబడినాడు. ఆమెకు ఆ చోటు ఎవరూ చూపించలేదు, ఆమె అడగలేదు. ఆ దినం తానే ఆపమనిందంట.

ఇల్లు చేరగానే పొయ్యి ముందర కూర్చున్నాను. నిన్న పోసిన నీళ్లకు అది ఇంకా తడిగానే ఉంది. పత్తికట్టె పెట్టి ఊదితే నిప్పు లేదు, పొగ మాత్రం లేచింది. ఊదినాను, దగ్గినాను, మళ్లీ ఊదినాను. మిద్దె మీద గవాక్షంలో నుంచి అంత పొగ మా ఇంట్లో అంతకు ముందు ఎప్పుడూ లేచిండదు. వాళ్లు ఎంత దూరంలో ఉన్నా అది కనపడల్ల, ఇంట్లో అందరూ ఉన్నారని తెలియల్ల అని నా పిచ్చి. పెద్దమ్మ కోడికూర గిన్నెతో వచ్చి, "ఇప్పుడు ఇల్లు కాలుతాందా ఏమి?" అనింది. ఆ మాట ముగియకముందే వీధి చివర డుగుడుగు వినపడింది. నేను కదలలేకపోయినాను. మా అత్త లోపలికి వచ్చి, పొయ్యిని చూసి, పెద్దమ్మతో "సూసినావా, మా పొయ్యి ఎలిగింది" అని మాత్రం చెప్పింది. అన్నం ఉడికేదాకా అక్కడే కూర్చొనింది.

ఆ బండి మా ఇంట్లో పదకొండేండ్లు ఉండె. నెలకొక ఆదివారం కార్బరేటర్ కడిగేవాడు. ఆ పొద్దు నేను ముందే గోడ మీద నుంచి "పెద్దమ్మా, ఈ దినం మా పొయ్యి వెలగదు, ఎవరూ చావలేదు" అని కేకేసేదాన్ని. మా అత్త పోయినప్పుడు వక్కాకు సంచిని ఈయనే ఆమె చేతిలో ఉంచి శవపెట్టెలో పెట్టినాడు. లోపల స్ప్రింగు ఉందో లేదో చూడలేదు, సంచిని ఒకసారి పైనుంచే తడిమినాడు.

కండ్ల మందు మసక పోయేదానికి రాత్రి అయింది. నిద్రపట్టక ఏండ్లు ఎంచుకుంటా పండుకున్నాను. నలభై ఏండ్లు దాటింది. అవి యాడికి పోయినాయో, ఎప్పుడు పోయినాయో నాకు తెలియనే తెలియదు. నంద్యాల నుంచి బస్సు దిగి, తడి పొయ్యి ఊదుకుంటా వీధి చివర శబ్దం కోసం కూర్చున్న ఆ సాయంత్రం మాత్రం, నాకు ఇంకా పూర్తిగా గడవలేదు.